ముక్కు నిద్రపోయే వేళ

విద్యార్థి సంఘం కార్యదర్శి నా గదికి వచ్చి, "సార్, ఈ ఏడు సావనీరుకు మీరొక వ్యాసం రాయాలె" అన్నప్పుడు, "సాహిత్యం మీద రాయనా, సైన్సు మీద రాయనా?" అని అడిగాను. "మీ ఇష్టం సార్. కానీ ఇంటికి తీస్కపోతే మా అమ్మ గూడ చదివేటట్టు వుండాలె" అన్నాడు. ఆ మాట నాకు నచ్చింది. అందుచేత ఇది సాహిత్యమూ కాదు, పూర్తిగా సైన్సూ కాదు. ఇంటి కప్పుకు తగిలించుకోదగిన అరచేయంత పరికరం ఒకటి వుంది. దాన్ని గురించీ, దాన్ని మనం ఎందుకు తగిలించుకోవడం లేదన్న దాన్ని గురించీ నాలుగు మాటలు రాస్తాను.

ముందుగా నా తప్పు ఒప్పుకోవాలి. నేను ఈ కాలేజీలో కెమిస్ట్రీ చెప్పేవాణ్ణి. ఇరవై ఏళ్ళకు పైగా, ప్రతి ఏడూ ఒక రోజు, బోర్డు మీద రక్తంలోని హీమోగ్లోబిన్ బొమ్మ వేసి, దాని నడుమనున్న ఇనుమును చూపించి, "ఆక్సిజన్ కూర్చోవలసిన ఈ పీట మీద కార్బన్ మోనాక్సైడ్ వచ్చి కూర్చుంటుంది. కూర్చుంటే ఒక పట్టాన లేవదు. ఆక్సిజన్ కంటే రెండు వందల రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది" అని చెబుతూ వచ్చాను. పిల్లలు రాసుకున్నారు. పరీక్షల్లో రాశారు. నేను మార్కులు వేశాను. అంతమందిలోనూ ఆ పాఠం వంటబట్టని మనిషి ఒక్కడే మిగిలాడు. వాణ్ణి నేనే.

మా స్నానాలగదిలో గ్యాస్ గీజరు వుండేది. కరెంటు బిల్లు కలిసివస్తుందని పెట్టించుకున్నాం. ఒక జనవరిలో చలి బాగా ముదిరింది. ఆ గదికి వున్న ఒక్క వెంటిలేటరులోంచీ చలిగాలి కోసేస్తున్నదని మా ఆవిడ అంటే, పుస్తకాల పార్శిలు అట్ట కత్తిరించి దానికి అడ్డం పెట్టాను. కొలత సరిగ్గా కుదిరినందుకు కాస్త గర్వపడ్డాను కూడా. నాలుగైదు రోజులు గడిచాయి. "స్నానం చేసి వస్తే తల దిమ్ముగా వుంటున్నదండీ, కడుపులో తిప్పుతున్నది" అని ఆమె రెండుసార్లు చెప్పింది. "పైత్యం చేసి వుంటుంది, అల్లం ముక్క నమలు" అన్నాను. హీమోగ్లోబిన్ పాఠం చెప్పే మనిషి చేసిన వైద్యం అది!

ఆ ఆదివారం పొద్దున స్నానాలగదిలో చెంబు పడ్డ చప్పుడైంది. నీళ్ళు మాత్రం పడుతూనే వున్నాయి. పిలిచాను, పలకలేదు. తలుపుకు లోపల గడియ. నా కేకలు విని పక్కవాటాలో అద్దెకుండే డిగ్రీ కుర్రవాడు పరుగెత్తుకొచ్చి భుజంతో రెండు దెబ్బలు వేస్తే గడియ వూడి వచ్చింది. ఆ గడియ నాసిరకంది కావడం వల్ల మా ఆవిడ బ్రతికింది. ఆస్పత్రిలో డాక్టరుగారు వేసిన మొదటి ప్రశ్న, "ఇంట్లో గ్యాస్ గీజర్ వుందా?" అని. ఆక్సిజన్ పెట్టారు. సాయంత్రానికి తేరుకుంది. మాటల మధ్య ఆయన నా వుద్యోగం ఏమిటని అడిగారు. కెమిస్ట్రీ లెక్చరర్నని చెప్పడానికి నోరు రాలేదు. "కాలేజీలో పనిచేస్తానండీ" అని వూరుకున్నాను.

కొన్నాళ్ళకు క్లాసులో మళ్ళీ అదే పాఠం వచ్చింది. ఈసారి జరిగింది దాచకుండా చెప్పాను. వెనక బెంచీ నుంచి ఒక అమ్మాయి లేచి, "సార్, ఆ గ్యాసును కనిపెట్టే అలారం వుంటదంట కద. ఇప్పుడు మీ ఇంట్ల పెట్టిన్రా?" అని అడిగింది. పెట్టలేదు. గీజరు తీయించాను, అట్ట పారేశాను, గండం గడిచిందనుకున్నాను. మెట్ల కింద కరెంటు స్కూటరు రాత్రంతా ఛార్జింగులో వుండడం మామూలే. పాత స్విచ్చిబోర్డు వేడెక్కడమూ మామూలే. క్లాసు అయిపోగానే వెళ్ళి రెండు అలారాలు తెప్పించాను. ఒకటి పొగకు, ఒకటి కార్బన్ మోనాక్సైడుకు. ఈ వ్యాసం కూడా ఆ అమ్మాయి ప్రశ్నకు జవాబే అనుకోండి.

మా ఇంటి సంగతి ఇరుగుపొరుగుకే తెలుసు. ఊరందరికీ తెలిసిన సంగతులు చూద్దాం. 2025 మే 18, ఆదివారం. చార్మినారు దగ్గర గుల్జార్ హౌజ్. కింద దుకాణం, పైన కాపురం వున్న ఇంట్లో పొద్దున ఆరు గంటల ప్రాంతంలో నిప్పు అంటుకున్నది. 17 మంది పోయారు. వారిలో 8 మంది పిల్లలు. అంతకు ముందు 2023 మార్చి 16న సికింద్రాబాదు స్వప్నలోక్ కాంప్లెక్సులో ఆరుగురు పోయారు. అందరూ మీ వయసువాళ్ళే, జిల్లాల నుంచి వుద్యోగం కోసం పట్నం వచ్చిన పిల్లలు. ఈ రెండు చోట్లా ఎక్కువమందిని చంపింది మంట కాదు, పొగ. అదే ఏడు నవంబరు 13న నాంపల్లి బజార్‌ఘాట్‌లో, కింద రసాయనాల డ్రమ్ములు పెట్టి పైన కాపురాలున్న భవనంలో కనీసం 9 మంది పోయారు.

ఈ చోట్ల అలారాలు మోగి వుంటే అందరూ బ్రతికేవారని నేను అనను. అలా అనడం పోయినవాళ్ళ కుటుంబాల పుండు మీద కారం చల్లడమే అవుతుంది. ఇరుకు మెట్లు, ఒక్కటే దారి, కిటికీలకు ఇనుప చువ్వలు, కింద సరుకు: వీటిని ఏ పరికరమూ సరిచెయ్యలేదు. నేననేది ఒక్కటే. పొగ పైకి రావడానికీ, మనిషి దాన్ని తెలుసుకోవడానికీ మధ్య కొన్ని నిమిషాలు వుంటాయి. ఆ నిమిషాలు మనకు దక్కాలా, పొగకు దక్కాలా అన్నదే ప్రశ్న.

"పొగ వస్తే వాసన తెలియదా?" అని అడుగుతారు. మెలకువగా వుంటే తెలుస్తుంది. పక్కింట్లో ఎండుమిర్చి పోపు పడితే మన ఇంట్లో తుమ్ములు వచ్చే జాతి మనది. కానీ మనిషి పడుకుంటే ముక్కు కూడా పడుకుంటుంది. చెవి అలా కాదు. గాఢనిద్రలో వున్న తల్లి కూడా బిడ్డ ఏడిస్తే లేస్తుంది. పెద్ద మోతకు ఎవరైనా వులిక్కిపడి లేస్తారు. వాసన మాత్రం మనిషిని అంత నమ్మకంగా లేపదు. పైగా పొగలోనే కార్బన్ మోనాక్సైడ్ వుంటుంది. అది పడుకున్నవాణ్ణి లేపకపోగా ఇంకా లోతుకు దించుతుంది. ముక్కు చెయ్యలేని పనిని చెవికి అప్పగించేదే పొగ అలారం. అంతకు మించి దానిలో మాయ ఏమీ లేదు.

దాని పనితీరు కూడా మనకు కొత్త కాదు. మీ తాతల పెంకుటింట్లో కప్పు సందులోంచి ఎండ పట్టెలా పడుతుంటే, అందులో దుమ్ము రేణువులు మెరుస్తూ ఆడడం చూసే వుంటారు. దుమ్ము లేకపోతే ఆ వెలుగు పట్టె పక్కనుంచి కంటికి కనిపించదు. ఇప్పుడు ఎక్కువగా అమ్మే పొగ అలారంలో వున్నది అదే. లోపల చిన్న చీకటిగది. అందులో ఒక వైపు దీపం, ఆ వెలుగు నేరుగా పడని చోట ఒక కన్ను. పొగ లోపలికి వచ్చినప్పుడు వెలుగు దాని మీద పడి చెదిరి కంటిని చేరుతుంది. వెంటనే చెవులు గింగురుమనేటట్టు మోగుతుంది. పరుపో దూదో లోలోపల రగులుకొని మంట లేకుండా పొగ కక్కుతున్నప్పుడు ఈ రకం బాగా పనిచేస్తుంది. అమెరీషియం అనే రేడియోధార్మిక పదార్థంతో పనిచేసే రకం మరొకటి వుంది. అది భగ్గున లేచే మంటను త్వరగా పట్టుకుంటుంది. ఇంటికి మొదటి రకం చాలు.

మా చిన్నతనంలో ఇంట్లో వుండేవి నులకమంచం, చెక్కపెట్టె, నూలు దుప్పటి. ఇప్పుడు ఫోము పరుపు, ప్లాస్టిక్కు కుర్చీలు, సింథటిక్కు తెరలు. ఇవి అంటుకుంటే గది గదంతా కొద్ది నిమిషాల్లోనే అంటుకుంటుంది. నల్లటి విషపు పొగ కూడా ఎక్కువ. నిప్పు గురించి మన పెద్దలు చెప్పిన జాగ్రత్తలు మంచివే. కానీ వాళ్ళు చెప్పింది వాళ్ళ ఇళ్ళలోని సామాను చూసి.

ఇక కార్బన్ మోనాక్సైడ్ సంగతి. దానికి రంగు లేదు, వాసన లేదు, కళ్ళు మండించదు. మెలకువగా వున్న ముక్కుకు కూడా అందదు. బొగ్గు గానీ, కట్టె గానీ, గ్యాసు గానీ, పెట్రోలు గానీ చాలినంత గాలి లేకుండా కాలితే అది పుడుతుంది. మనకు బొగ్గు కుంపటి కొత్తదా? ఆదిలాబాదు వైపు నుంచి వచ్చిన విద్యార్థులను అడగండి, జనవరి చలి ఎలా వుంటుందో. తలుపులన్నీ వేసి కుంపటి పక్కన పెట్టుకొని పడుకోవడం ఎంత సుఖమో, అంత ప్రమాదం. బాలింత గది సంగతి చూడండి. గాలి సోకకూడదని కిటికీలు మూసి, కుంపట్లో బొగ్గులు రాజేసి, సాంబ్రాణి వేసి, అందులో పసిగుడ్డును పడుకోబెడతాం. ప్రేమతోనే చేస్తాం. నేను వెంటిలేటరుకు అట్ట పెట్టిందీ ప్రేమతోనే.

2020 జనవరిలో కేరళ నుంచి నేపాల్ విహారయాత్రకు వెళ్ళిన ఎనిమిది మంది, వాళ్ళలో నలుగురు పిల్లలు, దామన్ అనే చోట ఒక రిసార్టు గదిలో గ్యాస్ హీటరు పెట్టుకొని తలుపులు వేసుకొని పడుకున్నారు. తెల్లవారి ఎవరూ లేవలేదు. అక్కడ మంట లేదు, పొగ లేదు. ఏ వస్తువూ కాలలేదు. ఈ విషవాయువు లక్షణాలు తలనొప్పి, కళ్ళు తిరగడం, వాంతి వచ్చినట్టుండడం. అందుకే మనం పైత్యమనీ, జలుబనీ, నిద్ర చాలలేదనీ అనుకుంటాం. ఇంట్లో అందరికీ ఒకేసారి తలనొప్పి వచ్చి, బయటకు వెళ్ళగానే తగ్గితే మాత్రం అది పైత్యం కాదు. తలుపులు తీసి, అందర్నీ బయటకు నడిపించి, ఆస్పత్రికి తీసుకుపోవాలి.

ఈ అలారం వేరు. పొగ అలారం దీన్ని పట్టదు. ఇది పొగను పట్టదు. ఐరోపా ప్రమాణం ప్రకారం, గాలిలో పదిలక్షల పాళ్ళకు 50 పాళ్ళు ఈ వాయువు వుంటే గంట దాటాక గంటన్నర లోపల మోగాలి. 100 పాళ్ళుంటే పది నుంచి నలభై నిమిషాల లోపల. 300 పాళ్ళుంటే మూడు నిమిషాల లోపలే. ఎక్కువైన కొద్దీ తొందరపడుతుందన్న మాట. చాలామంది పొరపడేది ఇంకొకటి వుంది. సిలిండరులోని వంటగ్యాసు లీకును ఈ రెండూ పట్టవు. దానికి మూడో పరికరం వేరే వుంది. వంటగ్యాసు గాలికంటే బరువు, కిందకు దిగుతుంది. కాబట్టి ఆ పరికరాన్ని నేలకు దగ్గరగా పెట్టాలి. అయితే వంటగ్యాసుకు కంపెనీలే వాసన కలుపుతాయి, మెలకువలో ముక్కు ఆదుకుంటుంది. అందుచేత మొదట కొనవలసింది పొగ అలారం. గ్యాస్ గీజరో, హీటరో, కుంపటో, జనరేటరో వున్న ఇంటికి దానితోపాటు కార్బన్ మోనాక్సైడ్ అలారం.

ఇంత తెలుసుకున్నాక వూరికే వుండలేక, మా వీధిలో నాలుగిళ్ళ తలుపులు తట్టాను. విద్యార్థి మిత్రులారా, ఉపన్యాసం ఇవ్వడం తేలిక. ఎదుటివాళ్ళ హాల్లో కూర్చొని వాళ్ళ కప్పు వైపు వేలు చూపించడం కష్టం. ఎదురింటి ముసలమ్మ, "ఇది మోగితే దొంగలొచ్చినట్టా, నిప్పు లేచినట్టా బిడ్డా?" అని అడిగింది. మంచి ప్రశ్న. "నిప్పు లేచినట్టమ్మా, అయితే దొంగలొచ్చినా, నిప్పొచ్చినా లేవాల్సిందే కదా" అన్నాను. ఇంకొకాయన, "పొద్దున్నే నిప్పు గిప్పు అంటరేంది సార్, శుభమా అని కొత్తగా ఇంట్ల జేరినం" అన్నాడు. గృహప్రవేశానికి గుమ్మడికాయ కట్టినవాళ్ళు ఆ పక్కనే ఈ అలారం కట్టుకోవడంలో అశుభం ఏముందో నాకు అర్థం కాలేదు. రెండూ దిష్టి తీసేవే. ఒకదానికి బ్యాటరీ వుంటుంది.

అందరూ అడిగిన అసలు ప్రశ్న మాత్రం పోపు గురించి. "మా ఇంట్ల రోజుకు మూడుసార్లు పోపు పెడతం. శుక్రవారం సాంబ్రాణి, సాయంత్రం దోమల చుట్ట. ఇది రోజంతా మొత్తుకోదా?" ఇది నిజమైన అభ్యంతరం, దీన్ని కొట్టిపారెయ్యకూడదు. వంటింట్లో పెడితే తప్పకుండా మొత్తుకుంటుంది. కాబట్టి వంటింట్లో పెట్టవద్దు. పడకగదుల ముందు, హాల్లో, కప్పుకు పెట్టాలి. ఫ్యానుకు దగ్గరగా వద్దు, గాలి పొగను తోసేస్తుంది. చాలావాటికి కాసేపు నోరు మూయించే మీట వుంటుంది. వంటింటికే కావాలంటే పొగను కాక వేడిని పట్టే అలారం వేరే దొరుకుతుంది. మా ఇంట్లో పెట్టిన మొదటి వారం రెండుసార్లు వూరికే మోగింది. మా ఆవిడ, "మీ అలారానికి నా చారు పోపు నచ్చినట్టు లేదు" అన్నది. రెండు గజాలు జరిపాం. తరువాత పోపుకు మోగలేదు.

ఒకే గదిలో వంటా, పడకా రెండూ అయిన ఇళ్ళకు ఈ సలహా సరిపోదని నాకు తెలుసు. మన కాలేజీ చుట్టుపక్కల అలాంటి గదులు ఎన్నో వున్నాయి. మీలో చాలామంది వుండేది వాటిల్లోనే. అక్కడ పొయ్యికి ఎంత దూరం వీలైతే అంత దూరంగా, తల పెట్టుకునే వైపు పెట్టుకోవాలి. రోజుకు ఒకసారి వూరికే మోగినా సహించాలి. నూటికి నూరుపాళ్ళు కుదరదని అసలే మానుకోవడం తెలివి కాదు.

వూరికే మోగుతున్నదని పీకెయ్యడం గురించి కూడా చెప్పాలి. మన పూర్వవిద్యార్థులు అమెరికాలో అపార్టుమెంటులో దిగగానే మొదట పోట్లాడేది ఈ పరికరంతోనే. మనవాడు మిరపకాయ బజ్జీలు వేస్తాడు, అది గోల పెడుతుంది, మనవాడు తువ్వాలుతో విసురుతాడు, చివరికి బ్యాటరీ తీసి సొరుగులో పడేస్తాడు. నాకు ఈ కథ చెప్పి నవ్వని పూర్వవిద్యార్థి లేడు. ఆ దేశపు లెక్క ఒకటి వాళ్ళకు చెప్పదలచుకున్నాను. అక్కడ ఇళ్ళలో నిప్పు వల్ల పోయే ప్రతి అయిదుగురిలో సుమారు ముగ్గురు, అలారం లేని ఇళ్ళలోనో, వున్నా పనిచెయ్యని ఇళ్ళలోనో పోతున్నవారే. సొరుగులోని బ్యాటరీ ఆ రెండో రకం.

ఇక ధర. పొగ అలారం సుమారు వెయ్యి, రెండు వేల రూపాయల్లో వస్తుంది. కార్బన్ మోనాక్సైడ్‌ది కాస్త ఎక్కువ. పొగ అలారం పదేళ్ళు వుంటుంది, రెండోది అయిదు నుంచి పదేళ్ళు. ఆ తరువాత మార్చాలి, ఆ గడువు దాని వెనకే రాసి వుంటుంది. పేదవారికి ఇది చిన్న మొత్తం కాదని నాకు తెలుసు. కానీ మా వీధిలో వద్దన్నవాళ్ళెవరూ డబ్బు లేక వద్దనలేదు. ఒక ఇంటి యజమాని ఏమన్నాడో చెబుతాను: "కింద వాటాలో వుండేది కిరాయివాళ్ళు. వాళ్ళ పానాలు, వాళ్ళే పెట్టుకోవాలె." కిందికి దిగి కిరాయివాళ్ళను అడిగితే, "ఇల్లు మాది కాదు కద సార్. మేకు కొడితేనే వూకోరు" అన్నారు. ఇద్దరి మాటా వినడానికి న్యాయంగానే వుంది. ఇద్దరి మధ్యా కప్పు బోడిగా మిగిలింది.

ఇది మంచితనంతో తెగే సమస్య కాదు. ఇంగ్లండులో దీన్ని చట్టంతో తెంచారు. 2015 అక్టోబరు 1 నుంచి అద్దెకిచ్చే ఇంట్లో ప్రతి అంతస్తుకూ పొగ అలారం పెట్టవలసిన బాధ్యత యజమానిదే. 2022 అక్టోబరు 1 నుంచి గ్యాసు కాల్చే స్థిరమైన పరికరం వున్న గదిలో, వంటపొయ్యి తప్ప, కార్బన్ మోనాక్సైడ్ అలారం కూడా పెట్టాలి. స్కాట్లండులో 2022 ఫిబ్రవరి నుంచి అన్ని ఇళ్ళకూ, ఒకటి మోగితే అన్నీ మోగేటట్టు కలిపిన అలారాలు వుండాలన్నారు. మన దగ్గర నిప్పు భద్రత నిబంధనలు ఎత్తయిన భవనాలనూ, ఆస్పత్రులనూ, సినిమాహాళ్ళనూ పట్టించుకుంటాయి. రెండు మూడంతస్తుల మామూలు ఇల్లు, అంటే మనలో ఎక్కువమంది పడుకునే ఇల్లు, వాటి చూపుకు అందదు. అక్కడ మనల్ని మనమే చూసుకోవాలి. చట్టం రావాలని అడుగుదాం, తప్పకుండా అడుగుదాం. కానీ అది వచ్చేదాకా నిప్పు ఆగదు.

అందుచేత మన విద్యార్థి సంఘానికి మూడు మనవులు.

మొదటిది. గది కోసం వీధుల్లో టు-లెట్ బోర్డులు చూస్తూ తిరిగేటప్పుడు మీరు ఏమేం అడుగుతారో నాకు తెలుసు: కిరాయి ఎంత, అడ్వాన్సు ఎంత, నీళ్ళెప్పుడొస్తాయి, రాత్రి గేటు ఎన్నింటికి వేస్తారు. ఈ నాలుగు ప్రశ్నలకూ అయిదోది చేర్చండి: "పొగ అలారం వుందా?" లేదంటే గది వదులుకోమని నేననను, గదులు దొరకడం ఎంత కష్టమో నాకు తెలియనిది కాదు. అడిగితే చాలు. ఒక యజమానిని ఒక ఏడాదిలో పదిమంది పిల్లలు అదే ప్రశ్న అడిగితే, పదకొండోవాడు వచ్చేసరికి అది కప్పున వుంటుంది. వెనకటికి "బోరు వుందా" అని ఎవరూ అడిగేవారు కాదు. అడగడం మొదలయ్యాకే అందరూ వేయించారు.

రెండోది. సంఘం నిధులతో నాలుగైదు అలారాలు కొని, ఫిజిక్సు, కెమిస్ట్రీ శాఖల సాయంతో కాలేజీ డే నాడు ఒక బల్ల మీద పెట్టండి. పొగ అలారం నోరు ఎలా తెరుస్తుందో, ఎలా మూయించాలో అందరికీ చేసి చూపించండి. ఒక్కసారి చెవులారా విన్నవాడు దాన్ని మరిచిపోడు. మన హాస్టళ్ళ వరండాల్లో పెట్టించమని అర్జీ కూడా పెట్టండి. నేనూ సంతకం చేస్తాను.

మూడోది. అలారం మోగాక ఏం చెయ్యాలో ఇంట్లో ఒకసారి మాట్లాడుకోవాలి. మోగేది లేవడానికి, లేచాక దారి వుండాలి. మెట్ల మీద సామాను, మెట్ల కింద స్కూటరు ఛార్జింగు వద్దు. గ్రిల్లుకు తాళం వేస్తే తాళంచెవి ఆ పక్కనే మేకుకు వుండాలి, బీరువాలో కాదు. పొగ పైకి పోతుంది కాబట్టి వంగి, అవసరమైతే పాకి, బయటపడాలి. వెనక తలుపు మూసేస్తూ పోవాలి. బయటకు వచ్చాక 101కు ఫోను చెయ్యాలి. సర్టిఫికెట్లకనో, సెల్‌ఫోనుకనో మళ్ళీ లోపలికి పోకూడదు. డూప్లికేటు సర్టిఫికెటు యూనివర్సిటీ ఇస్తుంది. ఎంత ఆలస్యమైనా ఇస్తుంది.

ఇంకొక మాటతో ముగిస్తాను. ఈ పరికరాలకు దుమ్ము పడదు. ఎప్పటికప్పుడు తుడవాలి, నెలకొకసారైనా మీట నొక్కి మోగుతున్నదో లేదో చూడాలి. మనం మరిచిపోతాం. అందుకని మా ఇంట్లో ఒక ఆనవాయితీ పెట్టుకున్నాం. సంక్రాంతికి ముందు ఎలాగూ ఇల్లంతా బూజు దులుపుతాం. భోగి నాడు పాతసామాను మంటలో వేస్తాం. ఏడాదిలో చలి ముదిరి, గీజర్లూ కుంపట్లూ ఎక్కువగా వెలిగేది కూడా ఆ రోజుల్లోనే. మిగతా నెలల్లో మరిచినా ఆ రోజు మరవకూడదని ఒప్పందం. కిందటి భోగి నాడు మా ఆవిడ స్టూలు ఎక్కకుండానే, బూజుకర్ర తిరగేసి దాని కొసతో కప్పున వున్న మీట నొక్కింది. వీధి చివరిదాకా వినిపించేటట్టు మోగింది. ఎదురింటి ముసలమ్మ గుమ్మంలోకి వచ్చి, "ఏందమ్మా, నిప్పా, దొంగలా?" అని కేకేసింది.

"ఏమీ లేదు పెద్దమ్మా, పనిచేస్తున్నదో లేదో చూసుకుంటున్నాం" అన్నది మా ఆవిడ.

ఆ సాయంత్రం ముసలమ్మ మనవడు మా ఇంటికి వచ్చి, అది ఏ దుకాణంలో దొరుకుతుందని అడిగి వెళ్ళాడు.